పన్నెండో మాట

తీరిల్ చెప్పింది ఒకే ఒక్క మాట. మాల్టె విన్నదీ ఆ మాటే. అయినా మాల్టె వాగులో పడ్డాడు.

రెండేళ్ళ కిందట, జూన్ నెలలో, మా గ్రానేదాల్ లోయ పైన కంకర రోడ్డు మీద జరిగిందిది. నార్వేలో మాలాంటి లోయలకు తారురోడ్డు వేస్తామని ప్రతి ఎన్నికలప్పుడూ చెబుతారు. ఎన్నికలయ్యాక తీరిల్‌ను పంపుతారు. పసుప్పచ్చ గ్రేడర్ బండి మీద ఎత్తుగా కూర్చుని, బండి కడుపు కిందున్న పొడవాటి ఇనప పలకతో గుంటలు పూడుస్తూ, గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో సాగిపోతుంది. ఎనిమిదేళ్ళుగా అదే ఉద్యోగం. మంచు కరిగాక ఏ మలుపులో ఏ గుంట లేస్తుందో, పోయినేడు అది ఎంత లోతుందో ఆమెకు నోటికి వచ్చు.

ఆ రోజు ఆమె వెనకనుంచి మాల్టె వచ్చాడు. అతనిది స్వీడన్ దక్షిణపు కొస, స్కోనె. అక్కడ నేలంతా అట్లపెనంలా చదును. ఎత్తనేది చూడాలంటే చర్చి గంట దాకా మెట్లెక్కాలి. అద్దంలా మెరిసే పెద్ద బైకు, దానికి మూడు అల్యూమినియం పెట్టెలు, ఒంటినిండా మోకాళ్ళకూ మోచేతులకూ కవచాలు. ధ్రువానికి బయల్దేరినవాడిలా ఉన్నాడు. నిజానికి పక్క ఊళ్ళో వాఫిల్ తినడానికి వెళ్తున్నాడు.

తీరిల్ బండి పక్కకు తీసి, తలుపు తెరిచి అరిచింది. "ముందంతా వదులు కంకర! రూలిగా వెళ్ళు!"

మాల్టె నవ్వి, బొటనవేలు ఎత్తి చూపించి, యాక్సిలరేటర్ పూర్తిగా మెలితిప్పాడు.

నలభై మీటర్లు బాగానే వెళ్ళాడు. ఆ తర్వాత పొద్దున గ్రేడర్ పలక వదిలిన కంకర గట్టు ముందు చక్రానికి అడ్డం పడింది. బైకు ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు. బైకుకు గడ్డి దొరికింది, మనిషికి వాగు.

"రూలిగా వెళ్ళమన్నాను కదా!" తీరిల్ పరుగెత్తుకొచ్చింది.

"రూలిగానే వెళ్ళాను కదా!" మాల్టె నీళ్ళలో కూర్చునే జవాబిచ్చాడు.

"అదా రూలి? చచ్చేవాడివి!"

"చాలా రూలిగా ఉండింది. చివరి రెండు సెకన్లు తప్ప."

అప్పుడు ఇద్దరికీ వెలిగింది. నార్వే భాషలో రూలి అంటే నెమ్మది. స్వీడన్ భాషలో అదే మాటకు అర్థం సరదా. మా రెండు దేశాల వాళ్ళకూ ఒకరి భాష ఒకరికి అంతా తెలుసని గట్టి నమ్మకం. అందుకే ఎవరూ నేర్చుకోరు. అందుకే వాగులు ఖాళీగా ఉండవు.

మాల్టె మణికట్టు వాచింది. తీరిల్ అతణ్ణి గ్రేడర్ క్యాబిన్‌లో కూర్చోబెట్టుకుని పద్నాలుగు కిలోమీటర్లు కిందికి తీసుకొచ్చింది. దాదాపు రెండు గంటలు పట్టింది. అంతసేపు పక్కపక్కన కూర్చున్నాక ఏదో ఒకటి మాట్లాడుకోవాలి కదా.

"నువ్వేం పని చేస్తావు?"

"చెవులు పరీక్షిస్తాను. వినపడని వాళ్ళకు మిషన్లు అమరుస్తాను."

తీరిల్ బండి ఆపేసింది. స్టీరింగ్ మీద తల వాల్చి నవ్వింది. "చెప్పిన మాట వినపడక వాగులో పడ్డ చెవుల డాక్టరు!"

"డాక్టర్ని కాదు."

"పోనీ, చెవుల మెకానిక్కు."

ఆ పేరు ఖాయమైపోయింది. దిగేటప్పుడు మాల్టె తడిసిన నోట్‌బుక్ తీసి మొదటి పేజీలో 'ఒకటి: రూలి' అని రాసుకున్నాడు. దాని కింద ఆమె ఫోన్ నంబరు రాసుకున్నాడు.

రెండేళ్ళలో ఆ పుస్తకంలో పదకొండు మాటలు చేరాయి. రాసేది ఒకేలా, పలికేది ఒకేలా, అర్థం మాత్రం ఎవరిది వాళ్ళది. 'గ్లాస్' అంటే ఆమెకు గాజు, అతనికి ఐస్‌క్రీమ్. ఎండాకాలంలో ఓసారి "ఎండగా ఉంది, గ్లాస్ తిందామా?" అని అతనంటే, "మీ ఊళ్ళో కిటికీలు మిగులుతాయా?" అని ఆమె అడిగింది. ఇలాంటివి పదకొండు. ఇంక భాష గొడవ తీరిపోయిందని ఇద్దరూ అనుకున్నారు.

అక్కడే పొరపాటు పడ్డారు. పుస్తకంలోకి ఎక్కని మాట ఒకటి మిగిలింది. రార్.

స్వీడన్ వాళ్ళకు రార్ అంటే ముద్దొచ్చే మనిషి, మనసు మంచి మనిషి. అమ్మమ్మలు మనవల బుగ్గలు పట్టుకుని అనే మాట. మాకు నార్వేలో రార్ అంటే అదోరకం మనిషి. కొంచెం తిక్క. బడిలో లెక్కల పుస్తకం అంచుల మీద గ్రేడర్ బొమ్మలు వేసుకునే తీరిల్‌ను తోటిపిల్లలు 'రార్ తీరిల్' అనేవాళ్ళు. తర్వాత ఒక అబ్బాయి ఆమెను ఇష్టపడ్డాడు. ఏడాది తిరిగాక పడవెక్కి వెళ్ళిపోయాడు. పడవ రేవు వదిలి పది అడుగులు పోయాక, ఆమె జవాబు తన దాకా రాదని తేలాక అరిచాడు. "నువ్వు మరీ రార్, తీరిల్!" విడిపోవడంలో కూడా అంత పొదుపు చూపించే మగవాళ్ళుంటారు.

ఈ సంగతి ఆమె మాల్టెకు చెప్పలేదు. మాల్టె ఆ మాట ఆమెతో అనలేదు. ప్రేమ మాటల్లో అతను మహా పిసినారి. రెండేళ్ళూ ఫోన్లో టైర్ల గురించే మాట్లాడాడు.

ఈ ఏడు ఈస్టర్ సెలవుల్లో మాత్రం నోరు తెరిచాడు. "మనం ఒకే చోట ఉందామా?"

"ఎక్కడ?"

"ఎక్కడైనా."

"ఎక్కడైనా అనే ఊరు మ్యాపులో లేదు." అంది తీరిల్. "పండగలకు కలిస్తే ఎవరైనా మంచివాళ్ళే. మూడు వారాలు నాతో బైకు మీద రా. ఉత్తరం కొసదాకా వెళ్ళి, స్వీడన్ మీదుగా మీ ఇంటికి దిగుదాం. తారురోడ్డు వద్దు. ఒకే టెంటు, తడి మేజోళ్ళు, దోమలు. అప్పటికీ ఒకరి మొహం ఒకరు చూడగలిగితే మీ అమ్మ గుమ్మం ముందు జవాబు చెప్తాను."

"అవును అంటావా, కాదు అంటావా?"

"అదే కదా జవాబంటే."

అలా జూన్ మొదటివారంలో బయల్దేరారు. తీరిల్‌ది పాత ఒంటి సిలిండర్ బైకు, రెండు గుడ్డ సంచులు, ఒక స్పానర్, అర కిలో గోధుమరంగు చీజ్. మాల్టె మూడు పెట్టెల్లో ఒకదాని నిండా కాఫీ సరంజామాయే. గింజలు విసరడానికి మర, తూచడానికి త్రాసు. నోట్‌బుక్‌ను మాత్రం పెట్టెలో పెట్టలేదు. జాకెట్టు లోపలి జేబులో దాచుకుని, ఎందుకో ఆమెను ముట్టనివ్వలేదు.

హెల్మెట్లలో మైకులున్నాయి. వాటిని మాల్టే బాగుచేసి అమర్చాడు. కాబట్టి గతుకుల్లో అతను కూసే కూతలన్నీ ఆమెకు స్పష్టంగా వినిపించాయి.

"తీరిల్! పళ్ళు ఊడిపోయేలా ఉన్నాయి!"

"నిలబడు. కూర్చుంటే రోడ్డు నిన్ను తంతుంది."

"నిలబడితే?"

"బైకును తంతుంది. చేతులు వదులు చెయ్యి. హ్యాండిల్‌ను పీక పిసికినట్టు పట్టుకున్నావు."

"వదిలితే పడతాను!"

"వదలమనలేదు. కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకో. నలగకూడదు, ఎగిరిపోకూడదు."

"నా కోడిపిల్ల బరువు మూడు వందల కిలోలు!"

"అందులో నలభై కిలోలు కాఫీయే. పెట్టెలు వదిలేస్తే కంకరలో తేలుతావని చెప్పానా లేదా?"

మొదటి సాయంత్రం ఒక సరస్సు ఒడ్డున టెంటు వేశారు. దుమ్ము లేవకుండా ఆ రోడ్డు మీద రోడ్డు పనివాళ్ళు ముందే ఉప్పు చల్లి ఉంచారు. ఆ ఉప్పంతా మాల్టె బైకుకు పట్టింది. ఎక్కడినుంచో ఏడు గొర్రెలు వచ్చి బైకును నాకడం మొదలెట్టాయి. మాల్టె కేకలేస్తూ చుట్టూ తిరుగుతుంటే తీరిల్ పట్టించుకోలేదు. ఆమె రోడ్డు మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. గుప్పెడు కంకర తీసి వేళ్ళతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇది మంచి కంకర. బంకమన్ను సరిపడా ఉంది. వానొస్తే ముద్దకడుతుంది, ఎండొస్తే ఎగరదు. ఎవరో తెలిసినవాళ్ళు వేశారు."

మాల్టె గొర్రెలను మర్చిపోయాడు. రెండేళ్ళుగా గొంతులో ఇరుక్కున్న మాట బయటికొచ్చేసింది. "నువ్వు ఎంత రార్, తీరిల్."

తీరిల్ చేతిలోని కంకర కింద పోసేసింది. లేచి మోకాళ్ళు దులుపుకుని టెంటులోకి వెళ్ళిపోయింది.

సిగ్గుపడిందని మాల్టె అనుకున్నాడు. చెవులు పరీక్షించేవాడు మనుషుల మొహాలు కూడా పరీక్షిస్తే బాగుండేది.

ఆ తర్వాత అతన్ని ఆపేవాళ్ళు లేకపోయారు. చలిలో ఆమె అతని చేతితొడుగులు తన ఇంజను మీద పెట్టి వెచ్చచేసి ఇస్తే, రార్ అన్నాడు. పంక్చరైతే టైరు మీద పెదవి ఆనించి గాలి ఎక్కడ పోతోందో చెప్తే, రార్ అన్నాడు. వంతెన కింద దూరి గట్టు ఎందుకు కోసుకుపోయిందో చూసొస్తే, రార్ అన్నాడు. ఉత్తరపు కొసన, సముద్రం ముందు గుర్తుగా నిలబెట్టిన ఇనప భూగోళం దగ్గర, ఫోటో కోసం పోట్లాడుకుంటున్న జనం మధ్య గాలికి మనిషి ఎగిరిపోయేలా ఉంటే, తీరిల్ ఫోటో మాట మర్చిపోయి పార్కింగ్ కంకరను బూటుకొనతో గీరి చూసింది. ఈసారి అతను మైకు లేకుండానే, గాలిని మించి అరిచాడు. "రార్!" జనం తిరిగి చూశారు.

ఆమె ఒక్కొక్కటే మానేసింది. మొదట కంకర వాసన చూడటం మానేసింది. తర్వాత వంతెనల కింద దూరడం. రెండో వారానికి గుంటల గురించి మాట్లాడటం కూడా మానేసి, మామూలు ఆడపిల్లలా సూర్యుణ్ణి చూసి బాగుందంది. మాల్టెకు భయం పట్టుకుంది. ఏదో తగ్గింది. ఏం తగ్గిందో తెలియదు. మనిషి నీరసంగా ఉంటే నాలుగు మంచి మాటలు చెప్పాలి కదా? రోజుకు రెండుసార్లు చెప్పడం మొదలెట్టాడు.

పంతొమ్మిదో రోజు హార్యెదాలెన్‌లో ఒక మూడుదారుల కూడలి దగ్గర ఆగారు. అప్పటికి స్వీడన్‌లోకి దిగి చాలా దూరం వచ్చారు. నేరుగా పోతే రెండు రోజుల్లో స్కోనె, మాల్టె వాళ్ళమ్మ గుమ్మం. కుడివైపు గతుకుల కొండదారి పట్టుకుంటే సరిహద్దు దాటి నాలుగు గంటల్లో గ్రానేదాల్. మాల్టె కాఫీ గింజలు తూచి, విసిరి, దాన్నొక పూజలా కాచాడు. తీరిల్ తన కప్పులో చీజ్ ముక్క వేసుకుంది. మా లోయలో ముసలివాళ్ళు అలాగే తాగుతారు.

మాల్టె ఆ కప్పును, ఆమెను మురిపెంగా చూశాడు. "నిజంగా రార్ నువ్వు."

తీరిల్ కప్పు కింద పెట్టింది. "ఇరవై ఒకటి."

"ఏంటి ఇరవై ఒకటి?"

"పంతొమ్మిది రోజుల్లో నన్ను ఇరవై ఒక్కసార్లు రార్ అన్నావు. లెక్కపెట్టాను."

మాల్టె మొహం వెలిగిపోయింది. "లెక్కపెట్టుకున్నావా? ఇంకా ఎక్కువే అనుకున్నానే!"

"ఎక్కువా!"

"మనసులో అనుకున్నవి కలిపితే వందలు దాటుతాయి."

"సిగ్గుగా లేదూ చెప్పడానికి?"

"మొదట్లో ఉండేది. ఇప్పుడు పోయింది. నీ పుణ్యమే."

తీరిల్ ఊపిరి గట్టిగా పీల్చుకుంది. "మీ ఊళ్ళో అందరినీ ఇలాగే అంటావా?"

"ఛ! అందరినీ అంటానా? మా అమ్మను అంటాను."

"మీ అమ్మనా?"

"ఆవిడ పుట్టినరోజు నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది పాపం."

"పెట్టుకోదూ మరి!"

"అమ్మమ్మనైతే ప్రతి ఆదివారం. ఆవిడకు వినపడదు. చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు అరుస్తాను."

"చెవిటి ముసలావిడ చెవిలో దూరి మరీ!" తీరిల్ లేచి నిలబడింది. "నువ్వు చాలా మంచివాడివనుకున్నాను, మాల్టె."

"ఇంట్లో నీ గురించి అందరికీ చెప్పేశాను," మాల్టె ఉత్సాహం ఇంకా తగ్గలేదు. "తీరిల్ లాంటి రార్ మనిషి నార్వే మొత్తంలో లేదని. మా అమ్మ ఎంత సంతోషించిందో! వెళ్ళి పొరుగింటావిడకు కూడా చెప్పొచ్చింది. గుమ్మంలో నిలబడి నీకోసం ఎదురుచూస్తూ ఉంటారు, ఇద్దరూ."

రెండు రోజుల ప్రయాణం అవతల ఆ గుమ్మం తీరిల్ కళ్ళముందు కనిపించింది. గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు, నార్వే తిక్కదాన్ని చూడటానికి మెడలు చాచి.

ఆమె హెల్మెట్ తీసుకుంది. "జవాబు కోసం అంత దూరం ఎందుకు? ఇక్కడే తీసుకో. నేయ్. కాదు. ఈ మాట మీ భాషలోనూ మా భాషలోనూ ఒకటే. పుస్తకంలో రాసుకోనక్కర్లేదు."

"తీరిల్? ఏమైంది? చీజ్ గురించి ఏమన్నా అన్నానా?"

ఆమె కొండదారి పట్టింది.

మాల్టె చేతిలో కాఫీ ఒలికిపోయింది. హెల్మెట్ తగిలించుకుని "తీరిల్, తీరిల్" అన్నాడు. ఆమె మైకు ఆపడం మర్చిపోయింది. కిలోమీటరు దూరం పోయేదాకా ఆమె ముక్కు ఎగబీల్చడం అతనికి వినిపించింది. తర్వాత గరగర. తర్వాత అదీ లేదు. మనిషి కనుమరుగయ్యాక కూడా చెవులు కాసేపు వెంట వెళ్తాయి. అవి తిరిగొచ్చాకే ఖాళీ తెలుస్తుంది.

అతను తన దగ్గరికొచ్చే ముసలివాళ్ళకు రోజూ ఒకటే చెబుతాడు. వినపడటం వేరు, అర్థం కావడం వేరు, మిషన్ మొదటిదానికే పనిచేస్తుంది అని. ఆ ముక్క మొదటిసారి తనే విన్నాడు. బైకుకున్న మూడు పెట్టెలూ విప్పి, కాఫీ మరతో సహా రోడ్డు పక్కన పెట్టేశాడు.

అప్పటికి తీరిల్ సరిహద్దు రాళ్ళగుట్ట దాటి నార్వేలోకి చాలా దూరం వచ్చేసింది. ఒక మలుపు తిరగ్గానే స్వీడన్ నంబరుతో ఒక తెల్లటి క్యాంపర్ వ్యాను వెనక చక్రం ఇరుసుదాకా బురదలో కూరుకుపోయి కనిపించింది. బయట ఒక పెద్దావిడ చేతులు నలుపుకుంటోంది. లోపల ఒక పెద్దాయన ఇంజను అరిపిస్తున్నాడు. చక్రం తిరుగుతోంది, ఇంకా దిగుతోంది.

తీరిల్ ఏడుపు ఆపుకుని బండి దిగింది. గుంట కనిపించాక ఏడవడం ఆమెకు చేతకాదు.

"ఆపండి! ఇంజను ఆపండి పెదనాన్నా!"

"ఆయనకు వినపడదమ్మా," అంది పెద్దావిడ. ఆమె పేరు మైబ్రిత్. "చెవి మిషన్ తీసి జేబులో వేసుకున్నాడు. నేను దారి గురించి మాట్లాడుతున్నానని."

తీరిల్ అద్దం మీద తట్టి ఇంజను ఆపించింది. వెనక చక్రాల్లో గాలి సగం తీసేసింది. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని చక్రం ముందు మట్టి గీరి, వాగు పక్కనుంచి పలకల్లాంటి రాళ్ళు తెచ్చి మెట్టులా పేర్చింది. అలవాటు కొద్దీ గుప్పెడు మట్టి తీసి వాసన కూడా చూసింది. వెంటనే ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది.

"ఇప్పుడు రెండో గేరులో రూలిగా... కాదు కాదు! మెల్లగా! సరదా వద్దు, మెల్లగా!"

వ్యాను మూలిగి, ఊగి, గట్టునపడింది.

మైబ్రిత్ పరుగెత్తుకొచ్చి బురద చేతుల తీరిల్‌ను అమాంతం కౌగిలించుకుంది. రెండు బుగ్గలూ పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు. "ఎంత రార్ పిల్లవమ్మా నువ్వు! ఎంత రార్!"

తీరిల్‌కు ఇంక ఆగలేదు. "మీరు కూడానా! మోకాళ్ళ మీద పడి బండి పైకి తీస్తే మీరు కూడా అదే అంటారా! ఏం చేశానని మీ స్వీడన్ వాళ్ళందరూ నన్ను..."

భోరుమంది.

ఎస్కిల్ అనే ఆ పెద్దాయన కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏమైంది? ఎందుకేడుస్తోంది?"

"నేను రార్ అన్నానట! అందుకు ఏడుస్తోంది!"

"ఏమన్నావూ?"

"రార్! రార్ అన్నాను!"

ఎస్కిల్ జేబులోంచి మిషన్ తీసి చెవిలో పెట్టుకున్నాడు. "ఆ పిల్ల కలిసి పావుగంట కాలేదు, రార్ అన్నావా? యాభై ఒక్క ఏళ్ళుగా నీతో ఉన్నాను. నన్నొక్కసారైనా అన్నావా?"

"నువ్వు రార్‌గా ఎప్పుడున్నావు గనక? మిషన్ తీసి జేబులో వేసుకునే మనిషిని ముద్దు చేస్తారా?"

తీరిల్ ఏడుపు మధ్యలో ఆగిపోయింది. "ఏం చేస్తారన్నారు?"

"ముద్దు, అమ్మాయీ. రార్ అంటే ముద్దొచ్చే మనిషి అనే కదా. బంగారం లాంటి మనిషి. ఎందుకు, మీ వైపు ఇంకేమన్నా అంటారా?"

తీరిల్ రోడ్డు మధ్యలో నిలబడి వేళ్ళు మడుస్తోంది. గొర్రెలప్పుడు. చేతితొడుగులప్పుడు. టైరప్పుడు. వంతెన కింద. సముద్రం ముందు, అంత గాలిలో, అంత జనంలో.

ఇరవై ఒకటి.

ఆమె బైకు వెనక్కి తిప్పిన తీరుకు కంకర లేచి వ్యాను అద్దానికి తగిలింది.

"ఇప్పుడు ఎందుకు నవ్వుతోంది?" అన్నాడు ఎస్కిల్.

వెనక్కి తొమ్మిది కిలోమీటర్లు పోయాక మాల్టె దొరికాడు. గొర్రెలు దాటకుండా రోడ్డుకడ్డంగా పరిచిన ఇనప కడ్డీల మీద చక్రం జారి, బైకు పొదల్లోకి, తను చిత్తడినేలలోకి వెళ్ళాడు. నడుం దాకా బురదలో కూర్చుని ఉన్నాడు. ఆ చుట్టుపక్కల దోమలన్నిటికీ కబురందినట్టుంది.

తీరిల్ గట్టు మీద ఆగింది. "ఏం చేశావు?"

"రూలిగా వచ్చాను."

"నీ రూలినా, నా రూలినా?"

"నీదే. నాది ఆ కూడలిలోనే పోయింది."

"పెట్టెలేవి?"

"వదిలేశాను. తేలతానన్నావుగా."

"కాఫీ మర?"

"అదీ." మొహం మీది దోమను కొట్టుకున్నాడు. "హ్యాండిల్‌ను కోడిపిల్లలాగే పట్టుకున్నాను తీరిల్, ఒట్టు. ఎగిరిపోయింది."

ఆమె చెయ్యి అందించి లాగింది. బురద ఒక బూటు ఉంచేసుకుని మనిషిని వదిలింది. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు.

"పుస్తకం ఇటివ్వు," అంది తీరిల్.

"ఇప్పుడెందుకు?"

"పన్నెండో మాట దొరికింది."

మాల్టె జాకెట్టు జేబు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. తీరిల్ ఆ చెయ్యి తీసి పుస్తకం లాక్కుంది. ఖాళీ పేజీ తిప్పి పెద్ద అక్షరాలతో రాసి అతనికి చూపించింది. 'రార్. నీకు: ముద్దు. నాకు: తిక్క.'

మాల్టె చదివాడు. ఇంకోసారి చదివాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు.

"నువ్వు కంకర వాసన చూసినప్పుడు అన్నాను."

"అవును."

"వంతెన కింద నుంచి పాక్కుంటూ వచ్చినప్పుడు..."

"అవును."

"అందుకేనా అవన్నీ మానేశావు?" మాల్టె ఆమెవైపు తిరిగాడు. "ఏదో తగ్గిందని తెలుస్తూనే ఉంది. అది నేనే తగ్గిస్తున్నానని తెలియలేదు. తీరిల్, నాకు ఇష్టమైనవే అవి. అవి చూసే అన్నాను."

తీరిల్ పడవ మీది అబ్బాయి సంగతి చెప్పింది. పొడిగా, గుంట లోతు చెప్పినట్టు చెప్పింది.

మాల్టె అంతా విన్నాడు. ఈసారి మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు.

తీరిల్ పుస్తకం మూయబోతుంటే చివరి పేజీలోంచి మడత కాగితం జారింది. మాల్టె పట్టుకోబోయాడు. ఒక్క బూటుతో లేవలేకపోయాడు. తీరిల్ విప్పి చదివింది. గ్రానేదాల్ ఆరోగ్య కేంద్రం. వినికిడి పరీక్షల ఉద్యోగానికి ఎంపిక చేశాం, సెప్టెంబరు ఒకటిన చేరండి. తేదీ మే నెలది. బయల్దేరక ముందుది.

"ఇదేంటి?"

"మా అమ్మ గుమ్మం ముందు నీ జవాబు విన్నాక చూపిద్దామని. ముందే చూపిస్తే నీ నోట కాదనే మాట రాదేమోనని."

"నేను కాదన్నాక?"

"అయినా వస్తాను. ఒప్పుకున్నాను కదా." మాల్టె బురద మేజోడు పిండుకున్నాడు. "మీ లోయలో చెవుడు చాలా ఎక్కువ. రెండేళ్ళుగా చూస్తున్నాను. ముఖ్యంగా ఒక గ్రేడర్ డ్రైవరుకు."

తీరిల్ కాగితం జాగ్రత్తగా మడిచి ఈసారి తన జేబులో పెట్టుకుంది. రోడ్డు మీదికి నడిచింది. మోకాళ్ళ మీద కూర్చుంది. గుప్పెడు కంకర తీసి నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఛీ. అంతా ఇసుకే. బంకమన్ను చిటికెడు లేదు. స్వీడన్ వాళ్ళ పనిలా ఉంది."

"మనం నార్వేలో ఉన్నాం, తీరిల్."

"అయితే బాగుచేసే దిక్కులేక ఇలా ఉంది."

మాల్టె నోరు తెరిచాడు. భయపడి మూసేశాడు.

"అను," అంది తీరిల్ తల తిప్పకుండానే.

"ఏమని?"

"ఇరవై రెండోది."

"నువ్వు ఎంత రార్, తీరిల్."

ఆమె లేచి వచ్చి అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. ఒక కాలికే బూటు. నడుం దాకా నల్లటి బురద. దోమలు కుట్టి పై పెదవి వడలా ఉబ్బింది. ఆ పెదవితోనే నవ్వడానికి అవస్థపడుతున్నాడు.

"నువ్వూ చాలా రార్, మాల్టె."

"నీ భాషలోనా, నా భాషలోనా?"

"రెండింట్లోనూ," అంది తీరిల్.